గోమేధికము వేరు, జిర్కాన్ వేరు

తెలుగులో రత్నములను గూర్చి వెలువడిన రచనలలో ఒక పొరపాటు పదే పదే కనిపించుచున్నది. గోమేధికమును వర్ణించుచు దాని ప్రక్కన జిర్కాన్ యొక్క రసాయన సంఘటనమును వ్రాయుదురు. అట్టి రచన చదివినవాడు మదనపల్లెలోనో పుంగనూరులోనో నగల అంగడికి పోయి గోమేధికము అడిగినచో, సాధారణముగా అతని చేతికి వచ్చునది హెస్సొనైట్. అది గార్నెట్ జాతి రాయి. కాల్షియము, అల్యూమినియముల సిలికేటు. జిర్కాన్ జిర్కోనియము సిలికేటు. 1789లో క్లాప్రోత్ అను జర్మను రసాయనవేత్త సింహళపు జిర్కాన్‌నుండియే జిర్కోనియా అను క్రొత్త ఆక్సైడును కనుగొనెను. పోనీ, అంగడిలో జర్కన్ రాళ్ల కమ్మలనే అడిగినచో? అప్పుడు వచ్చునది తరచుగా ఈ రెండును కాదు. క్యూబిక్ జిర్కోనియా అను కృత్రిమ స్ఫటికము. అమెరికన్ డైమండ్ అనునదియు అదియే. అది 1976 ప్రాంతమున విపణిలోనికి వచ్చినది. పదార్థములు మూడు, పేర్లు మాత్రము తారుమారు. డబ్బు చెల్లించువాడు తాను కొన్నదేమో ఎరుగడు.

ఈ పొరపాటుకు కారణము లేకపోలేదు. తేనెరంగు జిర్కాన్, హెస్సొనైట్ కంటికి దాదాపు ఒక్కటే. ఐరోపా వర్తకులు సైతము పూర్వము రెంటిని హయసింత్ అనిరి. కాని కంటికి తెలియనిది తక్కెడకు తెలియును. హెస్సొనైట్ నీటికంటె సుమారు 3.65 రెట్లు బరువు. మేలైన జిర్కాన్ 4.6 నుండి 4.7 రెట్లు. భూతద్దము ఉన్నచో మరియు సులభము. జిర్కాన్‌లో కాంతికిరణము రెండుగా చీలును గనుక, రాతిని అటునిటు త్రిప్పి చూచినచో వెనుక పట్టెల అంచులు జంటలుగా కనిపించును. తక్కిన రెండింటిలో ఒంటిగానే ఉండును. ఈ పరీక్షను ఒక్క వాక్యములోనైన చెప్పక, రాహుగ్రహ శాంతితో పుటలు నింపు రచయితలను ఏమనవలెను?

రంగుల విషయములో లోపము మరింత పెద్దది. గోమూత్రవర్ణమని చెప్పి ఊరకుందురు. జిర్కాన్‌లో ఎరుపు, పసుపు, గోధుమ, ఆకుపచ్చ రంగులు కలవు. అంగళ్లలోని నీలి జిర్కాన్ చాలవరకు కంబోడియా గోధుమరంగు రాయిని ఆక్సిజన్ తగులనీయక సుమారు 1000 డిగ్రీల వరకు కాల్చగా వచ్చినది. వర్ణరహితమైన రాయిని సింహళములో మాతర వజ్రమనిరి. అది పూర్తిగా వట్టిమాట కాదు: కాంతిని రంగులుగా విడదీయు శక్తి వజ్రమునకు 0.044, జిర్కాన్‌కు 0.039. అయితే దీని అంచులు పెళుసు. పొట్లములో రాళ్లు ఒకదానినొకటి ఒరసికొన్నను చిట్లును.

కొన్ని ఆకుపచ్చ జిర్కాన్‌ల కథ వేరు. వానిలో స్వల్పముగానున్న యురేనియము, థోరియము యుగయుగములుగా కిరణములు వెదజల్లి స్ఫటిక నిర్మాణమును లోపలినుండి చెరచును. సాంద్రత 4కు దిగును. కాఠిన్యమును తగ్గును. హెస్సొనైట్‌కు ఈ కథ లేదు. రెంటికి ఒకే పేరు పెట్టిన పుస్తకములో ఈ ప్రస్తావన ఎట్లు వచ్చును?

సింహళము, కంబోడియాలను పేర్కొను రచయితలు ఇంటి గడపను మరచుట మరొక చింత. కుప్పం గనులనుండి కుప్పం గ్రీన్ పేరుతో రాతిపలకలు దూరదేశములకు పోవుచున్నవి. ఈ ప్రాంతపు గ్రానైటు, నైస్ శిలలలో జిర్కాన్ కలదు. ఉంగరమునకు పనికిరానంత చిన్న రేణువులుగా. కుప్పం వరకు సాగిన కోలారు శిలాపట్టీకి తూర్పున నున్న నైస్ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని తేల్చినది జిర్కాన్ రేణువులలోని యురేనియము, సీసముల నిష్పత్తియే. గ్రానైటును పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూచినచో, నల్ల అభ్రకపు రేకులో జిర్కాన్ రేణువు చుట్టును నల్లని వలయము తరచు కానవచ్చును. అది ఆ రేణువు వెదజల్లిన కిరణములు అభ్రకముపై వేసిన మచ్చ.