లిపింగ్ మా గ్రంథం: ఒక విమర్శనాత్మక పరిశీలన

1¾ ని ½ తో భాగిస్తే 3½ వస్తుంది. దీనికి సరిపోయే పదసమస్య ఒకటి రాసి, తర్వాత ముందుకు చదవండి.

'నోయింగ్ అండ్ టీచింగ్ ఎలిమెంటరీ మ్యాథమెటిక్స్' (1999) కోసం లిపింగ్ మా ప్రాథమిక ఉపాధ్యాయులను అడిగింది ఇదే. చైనా ఉపాధ్యాయులు 72 మందీ లెక్క సరిగా చేశారు. అమెరికా వారు 23 మందిలో సరిగా చేసినవారు తొమ్మిది మందే. సరైన పదసమస్య చెప్పింది ఒక్కరే. పలువురు ½ తో భాగించడాన్ని రెండుతో భాగించడంగా పొరబడ్డారు. మీ సమస్యలోనూ ఇద్దరు పిల్లలు రొట్టెలు పంచుకున్నారా? కొట్టివేయకండి. 1¾ మీటర్ల రిబ్బనులో అర మీటరు ముక్కలెన్ని అనే ప్రశ్నతో పోల్చి చూడండి.

పోలిక పూర్తిగా సమానమైనది కాదు. అమెరికా ప్రాథమిక ఉపాధ్యాయులు సాధారణంగా అన్ని సబ్జెక్టులూ బోధిస్తారు, మన దగ్గరలాగే. అయితే చైనా వారు చదివిన ఏళ్లు తక్కువ. వారి జ్ఞానం డిగ్రీలది కాదు. పాఠ్యపుస్తకాన్ని సహోద్యోగులతో కూర్చుని, ఒకే లెక్కను పలు విధాల చేసి చూసినందువల్ల వచ్చింది. గ్రంథానికి ప్రాణం ఈ భాగమే. కానీ అలా కూర్చునే వేళ వారి పనిదినంలోనే ఉంది. మన ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ సహోద్యోగి ఎవరన్నదానికి ఇందులో సమాధానం దొరకదు.