అరుగు లేని ఇల్లు

చూసొచ్చిన ఊరికి గుర్తుగా అక్కడి పాత భవనాన్ని చెక్కబొమ్మగా తెచ్చుకునే సరదాకు అమెరికాలో ‘క్యాట్స్ మియావ్’ బొమ్మలు పేరుపడ్డాయి. 1980ల నుంచి అమ్ముడైన ఈ చెక్కముక్కల మీద ఉండేది భవనం ముఖం ఒక్కటే, ఓ మూల నల్లపిల్లి అదనం. పుదుచ్చేరికి ఈ అచ్చు సరిపోదు. ఊరి మధ్య కాలువకు తూర్పున, ఫ్రెంచి వీధుల్లో బయటికి కనబడేది ఎత్తయిన గోడ, కమాను గేటు. ఇల్లూ తోటా ఆ వెనక. పడమట తమిళుల ఇల్లు వీధిలోనే మొదలవుతుంది: దారినపోయేవాళ్లు కూర్చునే అరుగు, స్తంభాల పంచ, లోపల మన మండువా లాంటి ముట్రం. వైశ్యాల్ వీధిలోనైతే కింద తమిళ అరుగు, మేడ మీద ఫ్రెంచి కిటికీలు. 2008లో యునెస్కో పురస్కారం తెచ్చిన పని అక్కడి ఇళ్ల ముఖాలను బాగుచేయడమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఆ ముఖానికి లోతుంది. అరుగును పలక మీద గీస్తే మిగిలేది గీతే, కూర్చునే చోటు కాదు.

సంచిలో పట్టాలి, చవగ్గా రావాలి, మండువా చెక్కితే కొనేదెవరు అన్నది గట్టి అభ్యంతరం. మొదటిదానికి కొండపల్లి ఎప్పుడో జవాబు చెప్పింది. తేలికైన తెల్లపొణికి కర్రతో ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి అంబారీ ఏనుగునే నిలబెడుతున్నారు. నాలుగు స్తంభాలూ ఊడదీసే పైకప్పూ ఓ లెక్కా? శ్రమ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది, కాదనను. కొనేవాళ్లు మాత్రం పర్యాటకులే కానక్కర్లేదు. నవరాత్రి కొలువులో మెట్ల ముందు నేల మీద ఊళ్లూ తోటలూ పేర్చే ఇళ్లున్నాయి. అక్కడ బొమ్మను పైనుంచీ పక్కనుంచీ చూస్తారు. వెనక ఏమీ లేని పలక అక్కడ ఇల్లనిపించుకోదు.

బొమ్మలు చేసుకునే బదులు భవనాలనే కాపాడుకోవచ్చుగా అన్న మాటకు బలం ఎక్కువ. పుదుచ్చేరిలో 1870ల నాటి మేరీ, అంటే పాత పురపాలక భవనం, 2014 నవంబరు 29న వానల్లో కూలింది. పాత రూపంలోనే మళ్లీ కట్టి 2021లో తెరిచారు. కూలే గోడను బొమ్మ ఆపలేదు. అయితే ఆ కాలపు కప్పుల సంగతి ముఖం చెప్పదు: దగ్గరదగ్గరగా పరిచిన కర్ర దూలాలు, వాటిమీద నిలువున పేర్చిన ఇటుకలు, పైన సున్నం. పైపూత పగిలితే నీరు దిగేది, దూలం పుచ్చేది అక్కడే. కప్పు ఎత్తగానే ఆ దూలాలు వరసగా కనబడే మేరీ బొమ్మను ఎవరైనా చేస్తే, పసుపూ తెలుపూ రంగులు కాస్త తప్పినా నాకు పట్టింపు లేదు.