జాడ దొరికితే చాలు

జింక జాడ పట్టాలంటే ముందు మేకను చదవాలి. మస్కట్‌లో మేముండే ఘాలా ఆ చదువుకు మంచి బడి. ఒకపక్క షెడ్లు, గోదాములు. ఇంకోపక్క బోడి రాతికొండలు, వానొస్తేనే పారే వాదీ. అక్కడ తిరిగే మేకలు నడుస్తూనే పెంటికలు రాలుస్తాయి. వాటి గిట్టల ముద్రలు వెడల్పుగా, కొసలు మొద్దుగా పడతాయి. ఇవి కంటికి అలవాటైతేనే, మేకది కాని జాడ పట్టుబడుతుంది.

చలికాలం శుక్రవారాల్లో అల్ కామిల్ వల్ వాఫీ దగ్గరి సలీల్ అభయారణ్యానికి వెళ్తుంటాను. గొడుగులా విచ్చుకున్న తుమ్మల అడవి అది, అరేబియా జింకల నెలవు. పొద్దున్నే వెళ్లాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నంతసేపూ నేలమీది చిన్న గుంటకైనా నీడ ఉంటుంది. పొద్దెక్కితే అదే నేల ఏమీ చెప్పదు.

జింక గిట్ట సన్నం, కొసలు కోసుగా ఉంటాయి. మగజింక ముందుకాలితో నేల గీరి, ఒకేచోట పదేపదే పెంటికలు వేస్తుంది. ఆ కుప్పే దాని పొలిమేర రాయి. కుప్పలో అడుగువి ఎండకు వెలిసిపోయి ఉంటే, పైవి నల్లగా, తడిగా ఉంటాయి. అంటే ఇది దాని పాత చోటే, ఇప్పటికీ వస్తోందన్నమాట.

నేను అక్కడే ఆగిపోతాను. జింకకు కావలసిన నీళ్లు చాలావరకు అది తినే ఆకుల్లోంచే రావాలి. మనం బెదరగొట్టి పరుగెత్తిస్తే, ఆ ఎడారిలో దానికి నీటి నష్టం.

జాడ చదివే విద్య చంపడానికీ పనికొస్తుంది, కాపాడడానికీ పనికొస్తుంది. 1972లో ఒమన్‌లో, ఒరిక్స్ అనే ఎడారి జింకజాతిలో అడవిలో మిగిలిన చివరివాటిని వేటగాళ్లు మట్టుబెట్టారు. 1982లో జిద్దత్ అల్ హరాసీస్‌లో మళ్లీ వదిలినప్పుడు, వాటి వెంట జాడలు చూస్తూ కాపలా తిరిగింది అక్కడి హరాసీస్ తెగవాళ్లే. మన నల్లమలలో పులుల అభయారణ్యానికి చెంచులు చేస్తున్నదీ ఆ పనే. అయినా ఒరిక్స్‌లకు వేట బెడద మళ్లీ తప్పలేదు. 1994లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ ఒరిక్స్‌ల అభయారణ్యాన్ని, ఒమన్ దాని విస్తీర్ణాన్ని బాగా కుదించాక, 2007లో తొలగించారు. ఆ జాబితా నుంచి పోయిన మొదటి స్థలం అదే.

అందుకే నాతో వచ్చే పిల్లలకు గిట్టల ముద్రల కన్నా ముందు ఒక నియమం నేర్పుతాను: జాడ తాజాదని తేలిందా, ఇక ముందుకు వెళ్లొద్దు. ఆ జింక బతికే ఉందని తెలిసింది. మనం వచ్చింది అందుకే.