దండేల ఊరికి దండం

శబరి ఎక్స్‌ప్రెస్ దిగి ఎర్నాకుళం జెట్టీలో పడవెక్కినప్పుడు కొచ్చిలోని మట్టాంచేరికి నేనిచ్చిన గడువు ఒక్క పూట. ఆ లెక్కను చెడగొట్టింది చేపల కూర. పుల్లని కుడంపులి వేసి ఎర్రగా ఉడికించిన ఆ కూర మొదటి ముద్దకే తెల్లచొక్కా మీద ఒలికింది. "ధోబీఖానాలో ఇవ్వండి సార్, రేపిస్తారు" అన్నాడు వడ్డించినాయన, రేపంటే పక్కవీధే అన్నట్టు. ఇచ్చాను. తిరుగు టికెట్టు మార్చుకున్నాను. మట్టాంచేరీ, నా మొదటి దండం ఆ మరకకే.

ధోబీఖానా నిన్ను ఆనుకున్న ఫోర్ట్ కొచ్చిలో, వేలి మైదానం పక్కన ఉంది. మన పాత పుస్తకాలు వలందులన్న డచ్చివాళ్లు తమ సిపాయిల బట్టలు ఉతికించుకోవడానికి తమిళసీమ నుంచి వణ్ణార్ కుటుంబాలను రప్పించుకున్నారు. సిపాయిలు పోయారు, కోట పోయింది, చాకిరేవు మిగిలింది. మనిషికో తొట్టి, మనిషికో బండ. బండ మీద బట్ట పడే చప్పుడు ఒక చోట ఆగితే ఇంకో చోట అందుకుంటుంది. బయట ఎండలో దండేలు. వాటికి క్లిప్పులుండవు. రెండు తాళ్లను మెలివేసి బిగించి కట్టారు, ఆ మెలికలోకి బట్ట కొస దూరుస్తారు. గాలి ఎంత గుంజినా వదలదు. లాడ్జి దుప్పటి పక్కన కన్యాస్త్రీ అంగీ, దాని పక్కన ఎవరిదో పెళ్లిపంచె, ఆ పక్కన, మరక వదిలీ వదలక, నా చొక్కా. అన్నీ ఒకే తాటి మీద ఊగుతుంటే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

ఆ గాలి సంగతి చెప్పాలి. బట్టలారేస్తున్న ఆ గాలే నిన్ను కన్నది కూడా. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరద పాత ముజిరిస్ రేవును పూడ్చేసి ఇక్కడ కొచ్చికి నోరు తెరిచిందంటారు. నైరుతి గాలి పట్టుకుని మిరియాల కోసం వచ్చిన ఓడ మళ్లీ గాలి తిరిగే దాకా కదలలేదు. నెలల తరబడి ఆగాలి. ఆగిన మనిషి ఏం చేస్తాడు? పొయ్యి పెట్టుకుంటాడు. నాలుగు మాటలు నేర్చుకుంటాడు. అప్పిస్తాడు, అప్పుపడతాడు. మొక్కుకోవడానికి ఒక గోడ లేపుకుంటాడు. గాలి తిరిగే వేళకు కొందరికి వెళ్లబుద్ధి కాదు. నీ తీరిక అలా పుట్టిందని నా అనుమానం. చేతకాక కూర్చున్నవాళ్ల తీరిక కాదది, గాలి చేతిలో లెక్క పెట్టి కూర్చున్నవాళ్లది.

బజారు రోడ్డులో కళ్లు మూసుకుని నడవవచ్చు. ముందు శొంఠి తగులుతుంది, గొంతులో గీసినట్టు. నాలుగడుగులకు యాలకులు. ఆ తర్వాత జాపత్రి, గోనెసంచుల జనపవాసన, వెనకనున్న బ్యాక్‌వాటర్ నుంచి వచ్చే ఉప్పు చెమ్మ. పాత గిడ్డంగుల్లో కొన్ని ఇప్పుడు కాఫీ హోటళ్లయ్యాయి. మిరియాల బస్తాలు దొర్లిన చోట దొరసానులు ఫోటోలు దిగుతున్నారు. కోపం రాలేదు గానీ, తుమ్ము రాని గిడ్డంగి గిడ్డంగేనా అనిపించింది.

నీ రాజుగారి కోటను చూస్తే నవ్వొస్తుంది. 1555లో బుడతకీచులు, అదే మన పోర్చుగీసువాళ్లు, కట్టి రాజుకిచ్చారు. తర్వాత వలందులు బాగుచేయించారు. పేరు మాత్రం డచ్ ప్యాలెస్. ఇల్లు కట్టినవాడికన్నా సున్నం కొట్టినవాడికి పేరు రావడం మన వీధుల్లోనూ ఉన్నదేలే. లోపల గోడల నిండా రామాయణం, ఆకుపచ్చా కావిరంగుల్లో. ఇంత ఇరుకు గదుల్లో అంత పెద్ద కథ.

దాని వెనకే యూదుల వీధి. 1568లో కట్టిన పరదేశీ సినగాగు. రాజు తన కోట పక్కనే జాగా ఇచ్చాడు. లోపల చేత్తో చిత్రించిన నీలి చీనా పలకల నేల. కాళ్లు కందిపోతాయేమో అన్నంత మెల్లగా నడుస్తారు జనం, కందేది పలకలన్నట్టు. బయట 1760 నాటి గడియారపు బురుజు. రాజుగారి కోట వైపు ముఖానికి మలయాళం అంకెలు, సినగాగు వైపుకు హీబ్రూ, వర్తకుల వైపుకు రోమన్. ఎవరి పొద్దు వాళ్ల లిపిలో. మట్టాంచేరీ, ఆ బురుజు కట్టించినవాడి తెలివికి ఇంకో దండం.

ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఆ వీధివాళ్లు ఒక్కొక్కరే ఓడెక్కారు. మిగిలిన కొద్దిమందిలో సారా కోహెన్ ఒకామె. ప్రార్థన టోపీల మీద, రొట్టె మీద కప్పే గుడ్డల మీద కుట్టుపని చేసి అమ్మేది. 2019లో, 96 ఏళ్ల వయసులో పోయింది. చివరి రోజుల్లో ఆమెను చూసుకున్నదీ, దుకాణాన్ని నిలిపిందీ ఒక ముస్లిం కుటుంబం. దీనికి పెద్ద మాటలేవీ అక్కర్లేదు. ఆ గడప దగ్గర చెప్పులు విడిచాను, ఎవరూ విడవమనకపోయినా.

చెర్లాయి వైపు తిరిగితే 'తిరుమల దేవస్వం' అని కనపడింది. కాళ్లు వాటంతటవే ఆగాయి. లోపలున్నది మన వెంకన్నే. బుడతకీచుల ఏలుబడిలోని గోవా వదిలి వచ్చిన కొంకణీలు ఆయన్ను ఇక్కడ నిలుపుకున్నారు. ఏడుకొండలు లేవు, మెట్లదారి లేదు, 'జరగండి జరగండి' అని తోసేవాళ్లు లేరు. కొంకణిలో మొర వింటూ, సముద్రానికి ఇంత దగ్గరగా దిగివచ్చిన స్వామి కాస్త స్థిమితంగా కనిపించాడు. నా భ్రమే కావచ్చు.

ఆపైన గుజరాతీ వీధి, జైన మందిరం ముందు పావురాలకు గింజలు, కచ్ఛీ మేమన్ల వాకిళ్లు. ముప్పైకి తక్కువ కాని సముదాయాలు నీలో ఉన్నాయంటారు. వాటిలో తెలుగు చెట్టియార్లూ ఉన్నారు. వాళ్ల మాట వినాలని వెతికాను, ఆ పూట చెవిన పడలేదు. పడింది దక్కనీ. టీకొట్టు దగ్గర ఇద్దరు ముసలాళ్లు పోట్లాడుకుంటున్నారు. చార్మినార్ నీడలో విన్న యాసకు దూరపు చుట్టంలా ఉంది. సగమే అర్థమైంది, అయినా ఇంటికొచ్చినట్టుంది. పాతకాలపు మలయాళ సినిమా గాయకుడు మెహబూబ్ ఆ దక్కనీ ఇళ్లలోంచి వచ్చినవాడే. అతని పేరెత్తగానే పోట్లాట ఆగిపోయింది. నా చేతికి సులైమానీ గ్లాసొకటి వచ్చింది, పాలు లేని చాయ్, నిమ్మచుక్కతో.

ఇంతా చెప్పి, ఈ తీరిక అందరిదీ అంటే అబద్ధమవుతుంది. ఈ రేవులోనే ఒకప్పుడు కూలీలు పని కోసం వచ్చి గుంపుగా నిలబడేవారు. గుత్తేదారు మనిషి లోహపు బిళ్లలు గుంపులోకి విసిరేవాడు. చాప్ప అనేవారు వాటిని. ఒకరి మీద ఒకరు పడి ఏరుకోవాలి. బిళ్ల దొరికినవాడికే పని, దొరకనివాడి పొయ్యి వెలగదు. 1953లో దాని మీద తిరగబడిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. గాలి కోసం ఆగిన వర్తకుడు వేరు, బిళ్ల కోసం ఆగిన కూలీ వేరు. మట్టాంచేరీ, ఆ రెండోవాడికి దండం పెడితే చాలదు. తలవంచుకుని ఆ రేవు వీధి దాటాను.

మర్నాడు పొద్దున్నే ధోబీఖానాకు వెళ్లాను. ఆకాశం మబ్బేసింది. గంజి వాసన, ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వేడి. మరక పోయింది. ఆరలేదు. పెద్దాయన చొక్కా అంచు రెండు వేళ్లతో పట్టి చూశాడు, మబ్బు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"కొంజం ఇరుంగ" అన్నాడు తమిళంలో, కొంచెం ఆగమని.

అరుగు మీద కూర్చున్నాను. జెట్టీ వైపు నుంచి పడవ కూత వినిపించింది. నేనెక్కాల్సిందదే. దండెం మీద నా చొక్కా చేతులు నింపాదిగా పైకి లేచాయి.