సున్నం మేస్త్రి
పారిస్‌లో 1900 నాటి ఓర్సే రైల్వేస్టేషన్‌ను పడగొట్టకుండా 1986లో మ్యూజియం చేశారు. కొన్ని దేశాల్లో పాత స్టేషన్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. మన హైదరాబాద్ గౌలిగూడలో విమానాల షెడ్డు దశాబ్దాలపాటు బస్‌స్టేషన్‌గా బతికి, 2018లో కూలిపోయింది. రైలే లేని మా జంగారెడ్డిగూడెంలో ఉండి, ఇలా పాత కట్టడాలను నిలబెట్టేవాళ్లలో నేను మెచ్చుకునేది సున్నం మేస్త్రిని. పాత ఇటుక గోడ తేమను పీల్చి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, ఇటుక పెచ్చులూడుతుంది. అది తెలిసిన మేస్త్రి సున్నాన్ని రోజుల తరబడి నానబెడతాడు, ఇసుకతో గానుగ ఆడిస్తాడు, కరక్కాయ, బెల్లం నీళ్లు కలుపుతాడు. పూత మీద తడి ఆరనివ్వడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం నెమ్మదిగా మళ్లీ రాయవుతుంది. యజమాని ఎంత తొందరపెట్టినా, మొదటి పూత గట్టిపడ్డాకే రెండోది వేస్తాడు.