నీడ కింద మట్టి

మా కుసుమంచి రైతుకు మట్టి సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. చెలకలో ఏం వేయాలో, నల్లరేగడిలో ఏం వేయాలో చూపుతోనే చెప్పేస్తాడు. పంట రుచి వెనక మట్టి ఎంత ఓపిగ్గా పనిచేస్తుందో మాత్రం నాకు తెలిసింది పాడేరు కొండల్లోని ఒక కాఫీ తోటలో.

పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. తోట పెద్దాయన వంగి రాలిన ఆకుల్ని చేత్తో పక్కకు నెట్టాడు. మీద ఎండుటాకు, దాని కింద తడిసి నల్లబడ్డ ఆకు, తెల్లటి బూజు పోగులు. ఆ కింద వేలితో తవ్వగలిగేంత గుల్లమట్టి. గుప్పిట్లో పిండితే ముద్దయింది, వేలితో తాకితే పొడిపొడిగా రాలింది. "చెట్లే ఎరువేస్తాయి బాబూ" అన్నాడు.

ఆ మట్టి వాన నీటిని పట్టి ఉంచుతుంది. కుళ్లిన ఆకుల సారాన్ని వేరుకు కొద్దికొద్దిగా అందిస్తుంది. పైన నీడ, కొండ చల్లదనం తోడై పండు నిదానంగా పండుతుంది. వేసవి తొలి జల్లులకు పూసిన పువ్వు నవంబరు నాటికి గానీ కోతకు రాదు. అంతకాలం తల్లిని అంటిపెట్టుకున్న గింజ గట్టిపడుతుంది, తీపీ పులుపూ కుదురుతాయి. నీడ మరీ చిక్కబడితే కాపు తగ్గుతుంది కనుక కొమ్మలు కొట్టి వెలుతురు చూసుకుంటారు.

ఎర్రగా పండిన కాయనే ఏరి కోయాలి. కడిగిన గింజను వట్టి నేల మీద ఆరబోస్తే మట్టివాసన పట్టేస్తుంది. కల్లంలో మిర్చి ఆరబోసి, తాలు ఏరే మనవాళ్లకు ఈ జాగ్రత్త కొత్త కాదు.

ఒకప్పుడు ఆ కొండవాలుల్లో అడవి నరికి, కాల్చి పోడు చేసేవారు. వానకు పైమట్టి కొట్టుకుపోయేది. కాఫీకి నీడ కావాలి గనుక చెట్టు నిలిచింది, చెట్టు వల్ల మట్టి నిలిచింది. 2017లో పారిస్‌లో ఈ కొండల అరకు కాఫీకి దుకాణం వెలిసింది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరులో రాలిన ఆకుకూ వాటా ఉంది.

మన ఎండలకు కుసుమంచిలో అరబికా పండదు. మామిడాకు మాత్రం ఏటా రాలుతుంది. ఈసారి దాన్ని ఊడ్చి అగ్గిపెట్టకండి. చెట్టు మొదట్లోనే పోయండి.