లేత రంగు

బోర్డుల మీద వాల్మీకిపురమే అయినా మా నోళ్లలో ఇంకా వాయల్పాడే. ఇక్కడి సంతలో వంకాయ గిల్లి చూసి 'లేతగా ఉంది' అనే మనిషే, బట్టలంగట్లో 'ఈ చీర ఇంకా లేత రంగులో ఉందా?' అని అడుగుతాడు. కాయకూ రంగుకూ ఒకటే కొలత. వెలిసిన గుడ్డ వేరు, పాలిపోయిన మొహం వేరు. అవి ఉన్నది పోగొట్టుకున్నవి. లేతది ఇంకా ముదరనిది. అన్నిటినీ కలిపి 'లైటు' అనేయడం నాకు నచ్చదు.

మదనపల్లె, పుంగనూరు దాటి కుప్పం చేరేసరికి తమిళం, కన్నడం రెండూ చెవిన పడతాయి. మన 'లేత'కు తమిళులది 'ఇళ', కన్నడిగులది 'ఎళె'. మన ఎలమావిలో, ఎలనాగలో ఉన్నదీ అదే. మనవాళ్లు ముందున్న అచ్చును హల్లు వెనక్కి నెట్టి 'లే' చేసుకున్నారు. లేదూడ, లేత అలా వచ్చినవే. తమిళ 'ఇరండు' మనకు రెండైందీ, 'ఉరల్' రోలైందీ ఈ దారినే. ఇలాంటి మార్పులను శాస్త్రంగా తేల్చిన భద్రిరాజు కృష్ణమూర్తి, 1971లో చేనేతవాళ్ల మాటలకు మాండలిక కోశమూ కూర్చారు. భాషావేత్త మగ్గం గుంట దాకా రావడం మన అదృష్టం.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుకు రంగులేసేవాళ్లను అడిగితే లేత రంగంటేనే భయమంటారు. పచ్చి పట్టును సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీస్తారు. దాంతో తూకంలో దాదాపు పావు వంతు పోతుంది. పసుపు గూళ్ల పట్టులో ఆ పసుపు ఎక్కువగా జిగురులోనే ఉంటుంది. జిగురు కాస్త మిగిలినా లేత నీలం పచ్చబారుతుంది. రంగు కూడా ఒక్కసారే పోయకూడదు. కొంచెం కొంచెంగా కలుపుతూ, వేడి మెల్లగా పెంచుతూ, కర్రలకు తగిలించిన చిలపలను ఆపకుండా తిప్పుతుండాలి. చెయ్యి ఒక్క నిమిషం ఆగితే చార పడుతుంది.

"ముదురు రంగు తప్పు దాస్తాది అన్నా, లేతది నలుగుర్లో చెప్పేస్తాది" అన్నాడు ఒక రంగుల మనిషి, మోచేతుల దాకా నీలంతో.

పడిన రంగును దింపాలంటే మందులు పెట్టాలి, పోగు దెబ్బతింటుంది. అందుకే చారలు పడిన లేత గులాబీ చిలపలన్నీ మర్నాడు మెరూన్ తొట్టిలోకి పోతాయి.